చివరి మనిషి చేరేదాకా

(స్త్రీల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగ పాఠం)



ఈ వేళప్పుడు మీలో చాలామంది ఇంట్లో అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, అప్పుడు మీ కంచం ముందు కూర్చుని ఉంటారు. అలాగే కూర్చుని తింటూ వినండి. ఎవరైనా మంచినీళ్ళడిగినా ఈ పావుగంటా లేవకండి. ఎందుకు లేవొద్దంటున్నానో చివరికి మీకే తెలుస్తుంది.

2023 జనవరి 18వ తేదీన మేము ఆరుగురం హైదరాబాదులో సైకిళ్ళెక్కి, ఫిబ్రవరి 5వ తేదీ సాయంత్రానికి కన్యాకుమారి చేరాము. సుమారు 1,250 కిలోమీటర్లు. మొత్తం పంతొమ్మిది రోజులు. అందులో రెండు రోజులు విశ్రాంతి పోగా, పదిహేడు రోజులు తొక్కాము. మా వారు, మా అమ్మాయి, మా అబ్బాయి, మా వారి చిన్ననాటి స్నేహితుడు, ఆయన భార్య, నేను. ఆయన్ని నేను అన్నయ్యగారంటాను, ఆవిణ్ణి వదినగారంటాను. మాలో సైకిలు పందాలకు వెళ్ళినవాళ్ళు గాని, ఆటల్లో బహుమతులు తెచ్చుకున్నవాళ్ళు గాని ఒక్కరూ లేరు. నాకు అప్పటికి యాభై రెండేళ్ళు. మూడంతస్తులు ఎక్కితే మోకాళ్ళు కటకటమనేవి.

సైకిలు నాకు కొత్త కాదు లెండి. మాది తెనాలి. చిన్నప్పుడు గంటకి అర్ధరూపాయి అద్దెకు సైకిలు తెచ్చుకుని, సీటు అందక కడ్డీ మధ్యలోంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. పదమూడో ఏట పెద్దమనిషినయ్యాను. ఆ మర్నాటి నుంచి మా నాయనమ్మ సైకిలు ముట్టుకోనివ్వలేదు. ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. "ఇంక చాలమ్మా" అన్నారంతే. నేనూ సరేనన్నాను. ఆ తర్వాత ముప్ఫై ఆరేళ్ళు సైకిలు మాటే ఎత్తలేదు.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. మా అబ్బాయి ఒక సైకిలు కొనుక్కున్నాడు. వాడు నిద్ర లేవకముందు దాన్ని మా అపార్టుమెంటు సెల్లారులోకి తీసుకెళ్ళి, స్తంభాల మధ్య రెండు చుట్లు తొక్కాను. మూడో చుట్టులో వాచ్‌మన్ భార్య చూసి చప్పట్లు కొట్టింది. సిగ్గు వేసింది గాని దిగబుద్ధి కాలేదు. అలా మొదలై, మెల్లగా వదినగారినీ లాగాను. ఆదివారాలు చిలుకూరు వెళ్ళేవాళ్ళం. ఒకసారి ఇద్దరం యాదగిరిగుట్ట దాకా వెళ్ళి, తిరిగి బస్సులో వచ్చాం. ఆ రోజు రాత్రి అన్నయ్యగారు, "ఇంకేం, కన్యాకుమారికి పోదామా?" అని హాస్యానికి అన్నారు. ఆయన హాస్యానికన్న మాటని మేమిద్దరం పట్టుకు కూర్చున్నాం.

మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. "ఈ వయసులో ఇదేం సరదా?" అని. మా మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ అదే అడిగారు. అడగనిది మా అత్తగారొక్కరే. ఆవిడకి ఎనభయ్యేళ్ళు. ఆవిణ్ణి వదిలి ఎలా వెళ్ళడమా అని నేను లోలోపల మథనపడుతూ ఉంటే, ఆవిడే విజయవాడలో ఉన్న మా ఆడపడుచుకి ఫోను చేయించుకుని, మూడు వారాలకి బట్టలు సర్దుకున్నారు. "మేము తిరుపతి కొండ నడిచి ఎక్కినవాళ్ళం. చక్రాల మీద పోయేదానికి మీకింత ఆలోచనేమిటే?" అన్నారు. వెళుతూ వెళుతూ ఒక డబ్బా నిండా చిమ్మిలి దంచి ఇచ్చారు.

ఆ రోజుల్లోనే ఒక ఐరిష్ ఆవిడ సంగతి తెలుసుకున్నాను. ఆవిడ పేరు డెర్వ్‌లా మర్ఫీ. పదో పుట్టినరోజుకి ఆ అమ్మాయికి ఒక పాత సైకిలు, ఒక అట్లాసు కానుకలుగా వచ్చాయట. అప్పుడే, దీని మీద ఇండియా వెళ్తాననుకుంది. కాని పద్నాలుగో ఏట చదువు మాని, మంచాన ఉన్న తల్లికి సేవ చేయవలసి వచ్చింది. 1962లో తల్లి పోయేవరకూ ఆ సేవ ఆవిడదే. ఆ మరుసటి సంవత్సరం, 1963 జనవరిలో, ముప్ఫై ఒకటో ఏట, ఒంటరిగా సైకిలెక్కి ఐరోపా, టర్కీ, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ దాటుకుంటూ ఢిల్లీ చేరింది. ఆ తర్వాత ఎన్నో ప్రయాణాలు చేసి, ఎన్నో పుస్తకాలు రాసి, 2022లో కన్నుమూసింది. అంత సాహసం మనకెక్కడిది? అయితే పదేళ్ళప్పటి కోరికని ఇరవై ఏళ్ళు దాచుకోవచ్చునన్న మాట మాత్రం నాకు బాగా నచ్చింది. నేను ముప్ఫై ఆరేళ్ళు దాచానే మరి!

ఇక ప్రయాణం సంగతి. కనుమనాడు కాకైనా కదలదంటారు కదా, అందుకని సంక్రాంతి పండగంతా అయ్యాకే బయల్దేరాం. శ్రీనగర్ నుంచి హైదరాబాదు మీదుగా కన్యాకుమారికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి మా దారి. మనదేశంలో అన్నిటికంటే పొడవైన రహదారి అదే. ఎడమ అంచున తెల్లగీతకి అవతల కాస్త చోటుంటుంది. సైకిలు వాళ్ళు అక్కడే వెళ్ళాలి. టోలుగేటు దగ్గర మాకు డబ్బు కట్టే పని లేదు. ఆ గేటు దాటినప్పుడల్లా వదినగారు కార్లవాళ్ళకేసి చూసి ముసిముసిగా నవ్వేవారు.

తెల్లవారి ఆరింటికల్లా రోడ్డు మీద ఉండేవాళ్ళం. ఎండ ముదిరేలోపు యాభై కిలోమీటర్లు పూర్తి చేసుకుని, మధ్యాహ్నం నీడపట్టున ఆగి, నాలుగింటికి మిగతాది తొక్కి, చీకటి పడకుండా ఏదో ఒక ఊళ్ళో లాడ్జి చూసుకునేవాళ్ళం. మొదటి రాత్రి జడ్చర్ల, రెండో రాత్రి పెబ్బేరు. మూడోనాడు బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీద సైకిళ్ళు నడిపించుకుంటూ పోయాం. ఆ సాయంత్రమే తుంగభద్ర దాటి కర్నూలు చేరాం. మర్నాడు పొద్దున్నే అక్కడ ఉగ్గానీ బజ్జీ తిని, డోన్ మీదుగా గుత్తి వెళ్ళాం. ఆ కొండ మీది కోట రోడ్డు మీదకే కనిపిస్తుంది. అయిదోనాటికి అనంతపురం.

వింటూంటే ఎంత హాయిగా ఉంది! కాని ఆ అయిదు రోజులూ నేను లోలోపల ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకో చెబుతాను.

ఆరుగురిలో నేనే నెమ్మది. మా అబ్బాయి ముందు ఎగిరిపోయేవాడు, వాడి వెనక మా అమ్మాయి, ఆ తర్వాత మగవాళ్ళిద్దరూ, తర్వాత వదినగారు, అందరికంటే వెనక నేను. గంటకో గంటన్నరకో ఒకసారి ముందువాళ్ళు ఒక చెట్టుకిందో, టీకొట్టు దగ్గరో ఆగి నాకోసం చూసేవారు. ఆ పావుగంట, ఇరవై నిమిషాలూ వాళ్ళకి విశ్రాంతి. టీ తాగేవారు, కాళ్ళు చాపుకునేవారు, ఫోటోలు తీసుకునేవారు. నేను ఒగరుస్తూ వచ్చి సైకిలు స్టాండు వేసేసరికి, "హమ్మయ్య, వచ్చేసింది. ఇంక పదండి!" అని అందరూ లేచేవారు. నేను నిలబడే నాలుగు గుక్కలు నీళ్ళు తాగి, మళ్ళీ సైకిలెక్కేదాన్ని. పాపం, వాళ్ళు నన్ను తొందరపెట్టాలని అలా చేయలేదు. నాకోసం ఆగాం కదా అనే అనుకున్నారు. అందరికంటే విశ్రాంతి కావలసిన మనిషికే విశ్రాంతి లేకుండా పోతోందని వాళ్ళకి గాని, నాకు గాని తట్టనే లేదు.

దానికి తోడు లాడ్జికి చేరాక, మగవాళ్ళు టైర్లు ఒకసారి నొక్కి చూసి మంచాలెక్కేవారు. అందరి చెమట బట్టలూ వదినగారూ నేనూ బకెట్లలో ఉతికి, కిటికీ ఊచలకి ఆరేసేవాళ్ళం. రేపటికి ఏం కొనాలి, ఎవరికి ఏ మాత్ర వేయాలి, పర్సులో ఎంత మిగిలింది, అంతా నేనే చూడాలి. వీటన్నిటికీ తోడు ఇంకో పొరపాటు కూడా చేశాను. దారిలో ఆడవాళ్ళకి చోటు దొరకదన్న భయంతో నీళ్ళు తక్కువ తాగాను. నాలుగోనాటికి తలనొప్పి, పిక్కలు పట్టేయడం మొదలయ్యాయి.

అనంతపురంలో ఆ రాత్రి బట్టలు పిండుతూ పిండుతూ ఆపేసి, గదిలోకి వచ్చి, "రేపు నేను బస్సెక్కి ఇంటికి వెళ్ళిపోతాను" అన్నాను.

మా వారికి కోపం వచ్చింది. "ఇంతదూరం వచ్చాక ఇదేమిటి? నిన్నెవరైనా తొందరపెట్టారా?" అన్నారు.

"తొందరపెట్టలేదు. కూర్చోనివ్వలేదు" అన్నాను.

ఎవరూ మాట్లాడలేదు. మా అమ్మాయికి ప్రతిదీ రాసుకునే అలవాటు. ఎక్కడ ఆగాం, ఎన్నింటికి ఆగాం, ఎవరు ఎన్నింటికి వచ్చారు, మళ్ళీ ఎన్నింటికి బయల్దేరాం, అన్నీ ఒక చిన్న నోటుబుక్కులో రాసేది. అది ఆ పుస్తకం తీసి, మంచం మీద కూర్చుని చాలాసేపు లెక్కలు వేసింది. చివరికి తలెత్తి, "నాన్నా, గుత్తి నుంచి ఇక్కడికి నాలుగు చోట్ల ఆగాం. మనం కూర్చున్నది గంటా యాభై నిమిషాలు. అమ్మ కూర్చున్నది పదహారు నిమిషాలు" అంది.

మా వారు ఆ పుస్తకం తీసుకుని తామే ఒకసారి కూడి చూసుకున్నారు. బ్యాంకులో పనిచేసిన మనిషి కదా, అంకె అబద్ధం చెప్పదని ఆయనకి తెలుసు. కాసేపాగి, "నాకు తెలియలేదు" అన్నారు. ఆ తర్వాత బాత్‌రూములోకి వెళ్ళి, బకెట్లో మిగిలిన బట్టలు పిండుకొచ్చారు. నీళ్ళోడుతూనే ఉన్నాయనుకోండి. నేను మాత్రం మళ్ళీ పిండలేదు.

మర్నాడు అనంతపురంలో విశ్రాంతి. ఆ రోజు ఆరుగురం కూర్చుని నాలుగు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, అందరికంటే నెమ్మదిగా వెళ్ళేవాళ్ళే ముందు వెళ్ళాలి. మిగతావాళ్ళు వెనక రావాలి. రెండు, ఆగినచోట విశ్రాంతి లెక్క చివరి మనిషి వచ్చి కూర్చున్నాకే మొదలవ్వాలి. మూడు, ఎవరి బట్టలు వాళ్ళే ఉతుక్కోవాలి. నాలుగు, డబ్బు పర్సు రోజుకొకరి దగ్గర ఉండాలి.

మా అబ్బాయి మొహం వేలాడేశాడు. "ఇలా అయితే కన్యాకుమారి చేరేసరికి ఉగాది వస్తుంది" అన్నాడు. కాని జరిగిందేమిటో తెలుసా? సాయంత్రం లాడ్జికి చేరే వేళ పది నిమిషాలైనా మారలేదు.  ముందువాళ్ళు ఎంత ఎగిరిపోయినా నాకోసం ఆగాల్సిందే కదా. విశ్రాంతిని ఇప్పుడు ఆరుగురికీ సమానంగా పంచాం, అంతే. పైగా, ముందుంటే దారంతా మనదే అనిపిస్తుంది. వెనక ఉన్నంతసేపూ నేను వాళ్ళ వీపులు చూస్తూ తొక్కాను. ముందుకొచ్చాకనే కొండలూ, చెరువులూ, వేరుశనగ చేలూ చూశాను.

అనంతపురం నుంచి బెంగుళూరు దాకా దారి మెల్లగా పైకే పోతుంది. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 335 మీటర్ల ఎత్తులో ఉంటే, బెంగుళూరు 900 మీటర్లు దాటి ఉంది. కంటికి చదునుగానే కనిపిస్తుంది గాని, కాళ్ళు చెబుతాయి అసలు సంగతి. పెనుకొండ దగ్గర ఆగి ఆ కోట చూశాం. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని మార్చుకున్నది ఇక్కడికే. చిక్కబళ్ళాపురంలో ఒక రాత్రి ఉండి, జనవరి 26న బడిపిల్లలు జెండాలు పట్టుకుని పోతూ ఉండగా బెంగుళూరు చేరాం. మర్నాడంతా అక్కడే విశ్రాంతి.

తమిళనాడులోకి అడుగు పెట్టాక అసలు పరీక్ష వచ్చింది. ధర్మపురి దాటి సేలం వెళ్ళే దారిలో తొప్పూరు ఘాటు ఉంది. పైనుంచి కిందికి మలుపుల మీద దిగుడు. బరువు లారీలు అదుపు తప్పి తరచు ప్రమాదాలు జరిగే చోటది. దారి పొడుగునా హెచ్చరిక బోర్డులే. మా అబ్బాయికి దిగుడు కనబడితే ప్రాణం లేచివస్తుంది. కాని నియమం నియమమే, ముందు నేనున్నాను. ముందు బ్రేకు కాసేపు, వెనక బ్రేకు కాసేపు మార్చి మార్చి నొక్కుతూ, చక్రాల రిమ్ములు వేడెక్కితే పక్కకి ఆగి చల్లారనిచ్చి, నిదానంగా దిగాం. ఒక మలుపులో రోడ్డు మీద నూనె ఒలికి, దాని మీద ఎవరో ఇసక పోసి ఉంది. కింద టీకొట్టు దగ్గర మా అబ్బాయి గ్లాసు పట్టుకుని, "అమ్మా, ముందు నేనుంటే ఆ ఇసక మీదకే పోయేవాణ్ణి" అన్నాడు. నేనేమీ అనలేదు. ఇంకో టీ చెప్పాను.

సేలంలో వదినగారికి మోకాలు వాచింది. ఆవిడకి కళ్ళనీళ్ళు తిరిగాయి, అందరికీ అడ్డం అవుతున్నానేమోనని. సేలం నుంచి దిండిగల్ దాకా రెండు రోజులు ఆవిడ బస్సులో వచ్చారు. వాళ్ళాయన కూడా రెండు సైకిళ్ళనీ బస్సు మీద వేయించి ఆవిడతోనే వచ్చారు. అదేమీ ఓటమి కాదు. మందు రాసుకుని, సీటు ఒక అంగుళం ఎత్తించుకున్నాక మళ్ళీ మాతో తొక్కారు. సీటు మరీ కిందికుంటే మోకాలి మీద బరువు పడుతుందని అక్కడి సైకిలు షాపతను చూడగానే చెప్పాడు. పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు దాదాపు చాచినట్టుండాలి, కొంచెం మాత్రమే వంగి ఉండాలి. ఈ చిన్న సంగతి తెలియకే చాలామంది, "సైకిలు తొక్కితే మోకాళ్ళు పోతాయి" అని మానేస్తారు.

ఆ రోడ్ల మీద ఆడపిల్లలు, బడిలో ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన సైకిళ్ళ మీద బారులు తీరి వెళుతూంటే చూడముచ్చటగా ఉంటుంది. మా దారికి తూర్పున పుదుక్కోట్టై అని ఒక జిల్లా ఉంది. 1991 ప్రాంతంలో అక్కడ అక్షరాస్యత ఉద్యమం జోరుగా సాగింది. దాన్ని అరివొళి ఇయక్కం అంటారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అనే ఆవిడ. చదువుతో పాటు సైకిలు కూడా నేర్పాలని పూనుకుంటే, రాళ్ళు కొట్టే ఆడవాళ్ళూ, పొలం కూలీలూ, అంగన్‌వాడీ పనివాళ్ళూ వేలకి వేలు నేర్చుకున్నారు. అంతకు ముందు బిందెడు నీళ్ళకి, బస్సుకి, ఆస్పత్రికి మగవాళ్ళు తీసుకెళ్తే తప్ప పోలేనివాళ్ళు, పిల్లని ముందు, బిందెని వెనక పెట్టుకుని తామే పోయారు. మగవాళ్ళ సైకిళ్ళే నయమన్నారట చాలామంది. కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టొచ్చు కదా! మనం సరదాకి తొక్కేది వాళ్ళు బతుకుతెరువుకి తొక్కారు.

దిండిగల్ దగ్గర పళని పాదయాత్రికులు ఎదురయ్యారు. తైపూసం పండగకి రోజుల తరబడి నడిచి వెళుతున్న జనం. చాలామంది కాళ్ళకి చెప్పులు కూడా లేవు. వాళ్ళకోసం పెట్టిన చలివేంద్రంలో మమ్మల్నీ పిలిచి మజ్జిగ పోశారు. భాష రాదు, అయినా ఒక ముసలమ్మ నా సైకిలు చక్రం నొక్కి చూసి, నా భుజం తట్టి వెళ్ళింది. మదురైలో అమ్మవారి దర్శనం చేసుకుని కోవిల్‌పట్టి చేరాం. అక్కడి వేరుశనగ పప్పు బెల్లం అచ్చు చాలా ప్రసిద్ధి. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. సైకిలు తొక్కేవాళ్ళకి అంతకన్న మంచి ఆహారం లేదు. మా అత్తగారి చిమ్మిలి అయిపోయిన రోజునే అది దొరికింది.

చివరిరోజు తిరునెల్వేలి నుంచి ఎనభై అయిదు కిలోమీటర్లు. ఆరల్వాయిమొళి కనుమ దగ్గర కొండల మధ్య ఎటు చూసినా గాలిమరలే. సాయంత్రం కన్యాకుమారి ఒడ్డుకి చేరాం. అది మాఘ పౌర్ణమి. ఒక పక్క పొద్దు కుంగుతోంది, ఇంకో పక్క చంద్రుడు పైకొస్తున్నాడు. ఎదురుగా వివేకానందుల శిల, దాని పక్కన 133 అడుగుల తిరువళ్ళువర్ విగ్రహం. నియమం ప్రకారం ముందు చేరింది నేనే. సైకిలు స్టాండు వేసి, ఇసకలో కూర్చున్నాను. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎవరూ "పదండి" అనలేదు.

ఇక మీకు పనికొచ్చే నాలుగు మాటలు. తొక్కేటప్పుడు చీరకుచ్చెళ్ళు, చున్నీ చక్రంలోకి పోతే చాలా ప్రమాదం. సల్వారు కమీజే మంచిది. చున్నీ ఇంట్లో వదిలేయండి. చెయిను కుడివైపుంటుంది కాబట్టి, కుడికాలి దగ్గర సల్వారుని ఒక పట్టీతో బిగించండి. తలకి హెల్మెట్ తప్పదు. నీళ్ళు మాత్రం తగ్గించకండి. పెట్రోలు బంకుల్లో మరుగుదొడ్లు ఉంటాయి. తాళం వేసి ఉంటే మొహమాటపడకుండా అడిగి తీయించుకోండి. నిమ్మరసంలో ఉప్పూ పంచదారా కలిపి సీసాలో పోసుకోండి. పంక్చరు వేసుకోవడం నేర్చుకోండి. పేలిన లారీ టైర్లలోంచి వచ్చే సన్నని ఇనప తీగలు రోడ్డంచున పడి ఉంటాయి, మా పంక్చర్లలో చాలా వాటివల్లే. ట్యూబు అతికించే ముందు టైరు లోపలివైపు గుడ్డతో తుడిచి ఆ తీగని వెతికి తీసేయాలి. లేకపోతే అతికించిన ట్యూబు పది నిమిషాల్లో మళ్ళీ పోతుంది. మొదటిసారే ఇంతదూరం వద్దు. ఆర్నెల్లు ఆదివారాలు తొక్కండి. వరసగా రెండు రోజులు, రోజుకి అరవై కిలోమీటర్లు వెళ్ళి, మూడోరోజు మామూలుగా ఇంటిపని చేసుకోగలిగారంటే, మీరు సిద్ధమైనట్టే. బి.పి., షుగరు ఉన్నవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి.

ఇంటికి వచ్చాక ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను. వచ్చిన మర్నాడు మధ్యాహ్నం అందరికీ వడ్డించాను. నేను కూర్చునేసరికి, అలవాటు ప్రకారం మా వారు చెయ్యి కడుక్కోవడానికి లేచారు. మా అమ్మాయి, "నాన్నా! అమ్మ ఇప్పుడే చేరింది" అంది. ఆయన గతుక్కుమని మళ్ళీ కూర్చున్నారు.

అప్పటి నుంచి మా ఇంట్లో గిన్నెలన్నీ బల్ల మీదకి తెచ్చుకుని, అందరూ కూర్చున్నాకే మొదటి ముద్ద. ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకుంటారు. అన్నీ మారిపోయాయని చెప్పను. వారానికి రెండుసార్లైనా ఆయన మర్చిపోతారు, నేను గుర్తు చేస్తాను. విజయవాడ నుంచి తిరిగొచ్చిన మా అత్తగారు మొదట, "మగవాళ్ళు ఆకలితో కూర్చోవడమేమిటే?" అన్నారు. నాలుగురోజులు చూశారు. అయిదోనాడు తన కంచం తానే తెచ్చుకుని మా మధ్య కూర్చుని, "మీ మామగారూ నేనూ ఒక్కసారైనా ఇలా కూర్చుని తినలేదు" అన్నారు. ఆ మాట అని, పప్పు వడ్డించుకున్నారు.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ, మీరు కన్యాకుమారి వెళ్ళినా వెళ్ళకపోయినా సరే. ఇవాళ మీ ఇంట్లో ఎవరు ఎంతసేపు కూర్చున్నారో మా అమ్మాయిలాగా ఒక కాగితం మీద రాసి చూడండి. ఆ కాగితం ఇంట్లోవాళ్ళకి చూపించండి. మనవాళ్ళు చెడ్డవాళ్ళేం కారు, చాలామందికి తెలియదంతే. తెలిసేలా చెప్పవలసింది మనమే.

పావుగంట అయిపోయింది. భోజనం పూర్తయిందా? లేవకండి, ఇంకో రెండు నిమిషాలు కూర్చోండి. మంచినీళ్ళు వాళ్ళే తెచ్చుకుంటారు.

సెలవు.